గో భాషలో పెరిగే అర్రేలు: ఎపెండ్ పనితీరుపై సమీక్ష

గో అనే ప్రోగ్రామింగ్ భాషలో అర్రే (ఒకే రకం విలువలను వరుసగా దాచే చోటు) పరిమాణం దాని టైపులో, అంటే దాని రకంలో, భాగం. నాలుగు పూర్ణాంకాల అర్రే, ఐదు పూర్ణాంకాల అర్రే కంపైలరు (రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది) దృష్టిలో రెండు వేర్వేరు టైపులు కాబట్టి, ఒకసారి ప్రకటించిన అర్రేను పెంచడానికి గానీ తగ్గించడానికి గానీ వీలు లేదు. పరిమాణం మారవలసిన చోట వాడేది స్లైస్, అంటే ఒక అర్రేలోని కొంత భాగాన్ని చూపేది. దాని చివర కొత్త మూలకాలను చేర్చి పెంచేది ఎపెండ్ ఫంక్షన్. గో గురించి విచారించేవారు ముందుగా గోరొటీన్ల (ఏకకాలంలో నడిచే పనుల) సంగతే అడుగుతారు, కానీ రోజువారీ పనిలో ఎక్కువగా చేతికి తగిలేది ఎపెండే.

స్లైస్‌లో ఉండేవి మూడే: అసలు అర్రే చిరునామా, ప్రస్తుత పొడవు, కెపాసిటీ (కొత్త అర్రే అవసరం లేకుండా ఎన్ని మూలకాల దాకా పెరగగలదో ఆ సంఖ్య). 64 బిట్ల యంత్రంలో ఇది 24 బైట్లు. కెపాసిటీలో ఖాళీ ఉంటే ఎపెండ్ కొత్త మూలకాన్ని అదే అర్రేలో రాస్తుంది. లేకపోతే రన్‌టైమ్ (ప్రోగ్రాము నడిచేటప్పుడు మెమరీని చూసుకునే భాగం) మరింత పెద్ద అర్రేను కేటాయించి, పాత మూలకాలన్నిటినీ అందులోకి కాపీ చేసి, కొత్త స్లైస్‌ను తిరిగి ఇస్తుంది. ఆ ఫలితాన్ని వాడకుండా వదిలేస్తే కంపైలరే ఒప్పుకోదు. ఈ కట్టుబాటు నాకు ఎంతో నచ్చింది. జావా అర్రేలిస్ట్‌లో అర్రే మారడం లోపలెక్కడో జరిగిపోతుంది. ఇక్కడ మారే అవకాశం ఉందన్న సంగతి రాసిన ప్రతి పంక్తిలోనూ కనిపిస్తుంది.

పెరుగుదల లెక్కలోనూ మంచి ఆలోచన ఉంది. 1.17 వెర్షన్ వరకు 1024 మూలకాల దాకా కెపాసిటీ రెట్టింపయ్యేది, ఆపైన ఒక్కసారిగా నాలుగో వంతు చొప్పున పెరిగేది. 2022లో వచ్చిన 1.18 ఆ హద్దును 256కు దించి, అక్కడి నుండి పెరుగుదల రెండు రెట్ల నుండి 1.25 రెట్ల వైపు మెల్లగా తగ్గేలా చేసింది. 64 బిట్ల యంత్రంలో 512 పూర్ణాంకాలు నిండిన స్లైస్‌కు మరొకటి చేర్చితే, సూత్రం ప్రకారం 832 రావలసిన కెపాసిటీ, మెమరీ కేటాయింపు తరగతులకు (మెమరీని ఇచ్చే ముందే నిర్ణయించిన పరిమాణాలకు) సర్దుకుని 848 అవుతుంది. ఈ అంకెలు వెర్షన్‌ను బట్టి మారేవే గనుక వాటిని నమ్మి ప్రోగ్రాము రాయకూడదు. ఎన్ని మూలకాలు వస్తాయో ముందే తెలిసినప్పుడు స్లైస్‌ను సృష్టించే మేక్ ఫంక్షన్‌తో ఆ కెపాసిటీ అడిగి తీసుకుంటే కాపీల ఖర్చే ఉండదు.

అసలు లోపం ఒకే అర్రేను రెండు స్లైస్‌లు పంచుకోవడంలో ఉంది. ఐదు మూలకాలున్న స్లైస్ నుండి మొదటి రెండింటిని మరో స్లైస్‌గా తీసుకుని దానికి ఒకటి ఎపెండ్ చేస్తే, మూల స్లైస్‌లోని మూడో మూలకం చెరిగిపోతుంది, ఎందుకంటే చిన్న స్లైస్‌కు మిగిలిన కెపాసిటీ కూడా అదే అర్రేలోది. కెపాసిటీ నిండి ఉంటే మాత్రం అదే పంక్తి కొత్త అర్రేను తయారుచేస్తుంది, మూలానికి ఏ హానీ జరగదు. ఒకే ఆజ్ఞ రెండు రకాలుగా ప్రవర్తించడం, అదీ కంటికి కనపడని ఒక అంకెను బట్టి, ఇంత శ్రద్ధగా రూపొందించిన భాషలో ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. 1.2 వెర్షన్ నుండి, స్లైస్‌లో కొంత భాగాన్ని తీసుకునేటప్పుడు మొదలు, చివరలతో పాటు ఇచ్చే మూడో సూచికతో కెపాసిటీకి హద్దు పెట్టే వీలుంది, అది చక్కగా పనిచేస్తుంది. అయితే భద్రమైన ఆ పద్ధతి అడిగితేనే వస్తుంది; అడగకుండానే వచ్చి ఉండవలసింది.

తగ్గించే విషయంలో ఏర్పాట్లు చాలాకాలం అరకొరగానే ఉన్నాయి. 2023లో 1.21తో ప్రామాణిక గ్రంథాలయంలోకి (భాషతో పాటే వచ్చే సిద్ధ కోడ్‌లోకి) వచ్చిన స్లైసెస్ ప్యాకేజీ గ్రో, డిలీట్, క్లోన్, క్లిప్ వంటి ఫంక్షన్లు ఇచ్చింది. మరుసటి ఏడాది 1.22లో డిలీట్ తాను ఖాళీ చేసిన చివరి గడులను శూన్యం చేయడం మొదలుపెట్టింది. దానివల్ల తీసేసిన పాయింటర్లు (మెమరీ చిరునామాలు) మెమరీని పట్టుకుని ఉండటం తప్పింది. క్లిప్ పేరు చూసి మెమరీ విడుదలవుతుందని ఆశించకూడదు, అది కెపాసిటీ అంకెను మాత్రమే కత్తిరిస్తుంది. పెద్ద ఫైలును చదివి అందులో కొద్ది బైట్లే దాచుకోవాలంటే వాటిని క్లోన్ చేసి, అంటే కొత్త అర్రేలోకి కాపీ చేసి, పెట్టుకోవాలి, లేదంటే ఆ చిన్న స్లైస్ బతికున్నంతకాలం ఫైలంత అర్రే మొత్తం మెమరీలోనే ఉండిపోతుంది.