నేవీ డేకి విశాఖ వెళ్లేవారికి

డిసెంబరు మొదటి వారంలో విశాఖ వెళ్లడానికి రెండు మంచి కారణాలున్నాయి. చలి మొదలై అరకు కళకళలాడుతూ ఉంటుంది, క్రిస్మస్, సంక్రాంతి సెలవుల రద్దీ ఇంకా రాదు. రెండోది, నాకు మొదటిదానికన్నా ముఖ్యమైనది, నౌకాదళ దినోత్సవం. 1971 డిసెంబరు 4 రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ రేవు మీద చేసిన దాడికి గుర్తుగా ఆ రోజును జరుపుకుంటాం. సరిగ్గా దానికి ముందు రాత్రే విశాఖ తీరానికి దగ్గర్లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన జలాంతర్గామి అది. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల (నీటి లోపల పేలే బాంబుల) వల్లే మునిగిందని మన నౌకాదళం చెబుతుంది, లోపల జరిగిన ప్రమాదమని పాకిస్తాన్ అంటుంది. ఏదైనా, ఆ యుద్ధం ఈ ఊరి గుమ్మం దాకా వచ్చింది. విశాఖవాసులకు నేవీ డే సొంత పండుగ కావడానికి కారణం అదే.

మేము 2022లో వెళ్లాం, నాన్నగారు, మా అమ్మాయి, నేను. ఢిల్లీ బయట నేవీ డే ప్రధాన వేడుక జరపడం అదే మొదటిసారి. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము వచ్చారు.

ముందు బస సంగతి. రుషికొండ వైపు సముద్రం కనిపించే గదులు ఎంత బాగున్నా, ఈ ఒక్క సందర్భానికి వద్దంటాను. ఆర్.కె. బీచ్‌కు దాదాపు పది కిలోమీటర్లు, పైగా ఆ రోజు బీచ్ రోడ్డు మీద వాహనాలను వదలరు. మేము జగదాంబ కూడలి దగ్గర ఒక మామూలు లాడ్జిలో దిగాం. దుప్పట్లు శుభ్రం, వేడినీళ్లు ఉదయం మాత్రమే, కిటికీ తీస్తే పక్క భవనం గోడ. కానీ బీచ్‌కు నడిచి వెళ్లాం, నడిచే వచ్చాం. గదికి ఫోనులో చెప్పిన ధర ఒకటి, దిగాక అడిగింది మరొకటి. రద్దీ రోజులని చెప్పారు. బుక్ చేసేటప్పుడే ధరను మెసేజ్‌లో రాయించుకోవడం మంచిది.

ఉదయం ఆర్.కె. బీచ్‌లోని 'విక్టరీ ఎట్ సీ' స్మారకం దగ్గర పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. మనల్ని దూరంగానే నిలబెడతారు. అయినా వెళ్లండి. మాకు దగ్గర్లో ఒక పెద్దాయన, కోటుకు పతకాలు పెట్టుకుని, కర్ర మనవడి చేతికిచ్చి నిలబడ్డారు. బ్యూగిల్ మొదలవగానే వంగిన నడుం నిటారైంది, చెయ్యి నుదుటికి వెళ్లింది. బ్యూగిల్ ఆగేదాకా ఆ చెయ్యి వణకలేదు. మా నాన్నగారు కూడా తనకు తెలియకుండానే చెప్పులు విడిచి నిలబడ్డారు.

సాయంత్రం విన్యాసాలు చూడటానికి మధ్యాహ్నమే వెళ్లి ఇసుకలో చోటు పట్టుకోవాలి. యుద్ధనౌకలు బారులు తీరి రావడం, హెలికాప్టర్లు, నెత్తిమీదుగా దూసుకెళ్లే విమానాలు, చీకటి పడ్డాక ఓడలన్నీ ఒక్కసారిగా దీపాలు పెట్టుకోవడం, వీటి గురించి ఎంత రాసినా తక్కువే. పక్కనున్న ముక్కూ మొహం తెలియని మనుషులతో కలిసి 'భారత్ మాతాకీ జై' అన్నప్పుడు నా గొంతు పూడుకుపోయింది. సౌకర్యాలు మాత్రం జనానికి తగ్గట్టు లేవు. మరుగుదొడ్ల దగ్గర చాంతాడంత వరుస. తాగునీళ్లు వెంట తెచ్చుకోవాల్సిందే. తిరుగు ప్రయాణంలో ఆటోలు దొరకవు, దొరికినా రెట్టింపు అడుగుతారు. పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉంటే అంతకు ముందు రోజుల్లో జరిగే రిహార్సల్స్‌కు వెళ్లండి. ఇవే విన్యాసాలు, జనం తక్కువ. మురీ మిక్చర్ బండివాడు కూడా తీరిగ్గా, ఉల్లిపాయ, నిమ్మరసం బాగా దట్టించి ఇస్తాడు.

సోమవారం కిరండూల్ రైల్లో అరకు వెళ్లి వచ్చాం. సొరంగాలు, బొర్రా గుహలు, కాఫీ, అన్నీ బాగున్నాయి. అద్దాల బోగీ కావాలంటే చాలా ముందుగా టికెట్ తీసుకోవాలి. సోమవారమే ఎందుకంటే కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి ఆ రోజు సెలవు.

ఈ యాత్రలో దేనికి ఎక్కువ సమయం ఇవ్వాలని అడిగితే నేను కురుసుర అనే అంటాను. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధం చూసి, 2001లో విరమించి, మరుసటి ఏడాది మ్యూజియంగా మారిన జలాంతర్గామి. పొడవు 91 మీటర్లు, అందులో 75 మంది. లోపల దారి చూపేది నౌకాదళంలో పనిచేసి రిటైరైనవారే. ఒక గది నుంచి మరో గదికి గుండ్రటి రంధ్రంలోంచి వంగి, కాలు ముందుకు వేసి దూరాలి. మోకాళ్ల నొప్పుల వల్ల నాన్నగారు బయటే ఉండిపోయారు. టార్పెడోల (నీటిలో దూసుకెళ్లి పేలే ఆయుధాల) పక్కనే పడకలు. మా అమ్మాయి అక్కడ ఆగి, ఇక్కడ పడుకుంటే భయం వేయదా అని అడిగింది. "పడుకోగానే నిద్ర పట్టేసేది తల్లీ, అంత అలసట. స్నానం మాటే మరిచిపోయేవాళ్లం, నీళ్లు తాగడానికే చాలవు" అన్నారు మాకు దారి చూపుతున్నాయన. వెనక వరుస తోస్తున్నా విసుక్కోకుండా మా అమ్మాయికి అన్నీ చెప్పారు. బయట పొగడటానికి మనకు మాటలు చాలా దొరుకుతాయి. ఆ ఇరుకులో నాకు ఒక్క మాటా దొరకలేదు, దిగేటప్పుడు ఆయనకు దండం పెట్టాను.

ఎదురుగా ఉన్న టీయూ-142 (నౌకాదళం వాడిన నిఘా విమానం) మ్యూజియం నాన్నగారికి అనుకూలించింది. ఈ రకం విమానాలు నౌకాదళంలో 29 ఏళ్లలో ఒక్క ప్రమాదం లేకుండా మొత్తం 30 వేల గంటలు ఎగిరాయి. చెవికి పెట్టుకునే ఆడియో గైడ్ బాగుంది. కానీ అందరూ ఫొటోలకోసం తొందరపడటంతో ప్రదర్శన గదుల్లో చదవడానికి నిలబడటం కష్టమైంది. సాయంత్రం చివరి గంటలో కాస్త ఖాళీ.

టికెట్లు తీసుకునే ముందు తేదీ మాత్రం తప్పక సరిచూసుకోండి. ప్రధాన వేడుక ఇప్పుడు ఏటా ఒక్కో తీరంలో జరుగుతోంది. 2023లో మిచౌంగ్ తుపాను వల్ల విశాఖ విన్యాసాలు డిసెంబరు 10కి వాయిదా పడ్డాయి, 2024 వేడుక పూరీకి వెళ్లడంతో ఇక్కడివి 2025 జనవరి 4న పెట్టారు. తేదీ ఖరారైనట్టు పత్రికల్లో చూశాకే రైలు టికెట్లు తీసుకుని, గది కోసం జగదాంబ చుట్టుపక్కల వెతకండి. తిరుగు ప్రయాణం మాత్రం కురుసుర తెరిచి ఉండే రోజు తర్వాతే పెట్టుకోండి.