11 ఏళ్లు వాడిన పాటల పుస్తకం: ఒక సంఘం అనుభవం

మా క్రైస్తవ సంఘం ఈ పాటల పుస్తకం తీసుకుని 11 ఏళ్లయింది. దాన్ని ఎంపిక చేసిన నలుగురిలో నేనూ ఒకణ్ణి. అప్పటి నుంచి ఆదివారం ఆరాధనకు పాటలు ఏరడం, ముందు నిలబడి పాట ఎత్తుకోవడం నా పనే. పుస్తకం పేరు చెప్పను. పేరు కంటే ఇందులో ఏది పనికొచ్చింది, ఏది ఏడిపించింది అన్నది తెలిస్తేనే కొత్తగా కొనబోయేవాళ్లకు ఉపయోగం.

కొనేటప్పుడు మేం చూసినవన్నీ పెద్దగా అక్కర్లేనివే. ఎన్ని పాటలున్నాయి? 742. కొత్త పాటలున్నాయా? చాలా ఉన్నాయి. అట్ట? బ్రహ్మాండం. గంటలో తేల్చేశాం. చివర సూచికలున్న పేజీలు మాలో ఒక్కరూ తిప్పలేదు. ఇన్నేళ్లలో నన్ను ఆదుకున్నా, నా పరువు తీసినా ఆ చివరి పేజీలే.

ముందు పాటల సంఖ్య సంగతి. పాడిన ప్రతి పాటనూ తేదీతో సహా నోట్‌బుక్‌లో రాసుకోవడం నాకు అలవాటు. మొన్న కూర్చుని లెక్కేస్తే, 742లో మేం ఒక్కసారైనా పాడినవి 213. తరచుగా పాడేవి అరవై దాటవు. మొదట ఇది నా బద్ధకమే అనుకున్నాను. కానీ ఆదివారానికి ఐదు పాటల చొప్పున ఏడాదికి 260 అవకాశాలే ఉంటాయి. కొత్త పాట సంఘం నోటికి రావాలంటే కనీసం నాలుగు వారాలు పాడాలి. అలవాటైన పాటలు పాడకపోతే జనం ఊరుకోరు. వెరసి ఏడాదికి ఎనిమిదో పదో కొత్త పాటలు నేర్పగలం, అంతే. అందుకే 742 ఉన్నా 400 ఉన్నా మాకు తేడా పడేది కాదు. తేడా పడింది ఎక్కడంటే, అన్ని పాటలున్న పుస్తకంలో ప్రభురాత్రి భోజనానికి, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనకు, పనికొచ్చేవి తొమ్మిదే. బాప్తిస్మానికి నాలుగు. స్తుతి పాటలు మాత్రం దాదాపు రెండు వందలు! నెలనెలా ఆ భోజనపు బల్ల దగ్గర అవే తొమ్మిది పాటలు తిప్పి తిప్పి పాడుతున్నాం. చివరికి మూడు పాటలు విడిగా అచ్చు వేయించి వెనకట్టకు అంటించాను.

ఇక సూచికలు. అకారాది సూచిక ఉంది గానీ పల్లవి మొదటి పంక్తులతో మాత్రమే. మనుషులకు పాటలు అలా గుర్తుండవు. "అన్నా, రెండో చరణంలో తుఫాను గురించి వస్తుంది కదా, ఆ పాట పాడదాం" అంటారు. ఏ చరణం ఏ పాటదో నా బుర్రలో వెతుక్కోవలసిందే. పైగా 'యేసు' అని మొదలయ్యే పాటలు కొన్ని 'య' కింద, కొన్ని 'ఏ' కింద చేరాయి. పాట ఎక్కణ్ణుంచి తెచ్చారో అక్కడి వర్తనినే సూచికలోనూ ఉంచేశారు. 'క్ష' మొదటక్షరంగా ఉన్న పాటలు 'క' గుంపులో ఉంటాయో, చివర 'హ' తర్వాత ఉంటాయో ఇప్పటికీ నాకు అనుమానమే. ఎందుకంటే కొన్ని ఇక్కడ, కొన్ని అక్కడ ఉన్నాయి.

ఒక రాత్రి పదిన్నరకు ఫోన్ వచ్చింది. సంఘంలో ఒక పెద్దాయన ప్రభువు నందు నిద్రించారు. మేం వెళ్లేసరికి ఇల్లంతా జనం. పాస్టర్ గారు ప్రార్థన చేసి, "తమ్ముడూ, ఆదరణ పాట ఒకటి పాడండి" అన్నారు. నాకు ఆ క్షణానికి ఒక్కటీ తట్టలేదు. ఫోన్ లైటు వేసుకుని విషయ సూచిక తీశాను. 'ఆదరణ' అన్న శీర్షిక లేదు. 'మరణం' లేదు. 'నిరీక్షణ' ఉంది, దాని కింద యాభై పైచిలుకు నెంబర్లు బారుగా, పాట మొదటి మాట కూడా లేకుండా. ఒకటి తీస్తే క్రీస్తు రెండో రాకడ పాట. ఇంకోటి తీస్తే కొత్త సంవత్సరం పాట. పేజీల చప్పుడు తప్ప గదిలో ఇంకేం వినబడటం లేదు. ఆ ఇంటి కోడలే కళ్లు తుడుచుకుని, ఎవరినీ చూడకుండా, నోటికొచ్చిన పాట ఒకటి అందుకుంది. అందరం కలిశాం. ఇంటికొచ్చాక ఆ యాభై పైచిలుకు పాటలూ వరసగా చదివి, భూస్థాపనకు, ఆదరణ కూటాలకు నిజంగా పనికొచ్చే పదకొండు నెంబర్లు పెన్సిల్‌తో లోపలి అట్ట మీద రాసుకున్నాను.

అయితే ఇదే పుస్తకంలో వాక్య సూచిక మాత్రం వజ్రం. బైబిల్ గ్రంథాల వరసలో ఏ అధ్యాయం ఆధారంగా ఏ పాట రాశారో ఇచ్చారు. పాస్టర్ గారు గురువారానికల్లా వాక్యభాగం పంపుతారు. నేను చేసే మొదటి పని ఆ పట్టిక చూడటం. దాని వల్ల కొన్ని పాటల అసలు ముఖం కనబడింది. ప్రపంచమంతా క్రిస్మస్‌కు పాడుకునే ఒక ఆంగ్ల కీర్తనను ఐజాక్ వాట్స్ 1719లో బైబిల్లోని 98వ కీర్తన ఆధారంగా రాశాడు. అందులో పశువుల తొట్టి లేదు, గొర్రెల కాపరులు లేరు. ఉన్నది రాజు రాక, భూలోకపు సంతోషం. ఆ పాట తెలుగు అనువాదం 98వ కీర్తన ఎదురుగా కనబడితే, ఒక జూలై ఆదివారం పాడించాను. కొందరు నవ్వారు. వాక్యం విన్నాక నవ్వలేదు.

అచ్చులో ఇంకో చిన్న గుర్తు గురించి చెప్పాలి. మన పాటల్లో పంక్తి చివర ॥2॥ అని ఉంటే రెండుసార్లు పాడాలని, చరణం చివర రెండు నిలువు గీతల మధ్య పల్లవి మొదటి మాట ఉంటే మళ్లీ పల్లవికి రావాలని అర్థం. ఈ పుస్తకంలో పాత కీర్తనలకు ఆ గుర్తులు పక్కాగా ఉన్నాయి. కొత్త ఆరాధన పాటలకు చాలా చోట్ల ఎగిరిపోయాయి. ఫలితం ఏమిటంటే, ఆల్బమ్ విన్న యువకులు పంక్తిని తిప్పి పాడుతుంటే, పుస్తకం చూసి పాడే పెద్దలు తర్వాతి పంక్తికి వెళ్లిపోతారు. డోలక్ వాయించే కుర్రాడు నావైపు, నేను వాడివైపు చూసుకుంటాం. ఏడాది పాటు భరించి, ఒక వేసవిలో సండే స్కూల్ పిల్లల్ని కూర్చోబెట్టి మొత్తం 120 కాపీల్లో పెన్నుతో గుర్తులు పెట్టించాను. వాళ్లు సరదాగా చేశారు గానీ, రెండు పుస్తకాల్లో గుర్తులతోపాటు పువ్వులూ చిలకలూ వెలిశాయి.

ఐదో ఏట సంఘం పెరిగితే మరో నలభై కాపీలు తెప్పించాం. అదే పేరు, అదే అట్ట. లోపల మొదటి పేజీలో చిన్నక్షరాలతో 'సవరించిన ముద్రణ' అని ఉన్నట్టు ఎవరం గమనించలేదు. ఆ ఆదివారం "214వ పాట పాడుకుందాం" అన్నాను. ముందు వరసల వాళ్లు సిలువ పాట ఎత్తుకున్నారు, వెనక కొత్త పుస్తకాల వాళ్లు కోతకాల కృతజ్ఞత పాట. రెండూ ఆది తాళమే కావడంతో ఒక చరణం పాటు ఎవరికీ తేడా తెలియలేదు! మధ్యలో పాటలు తీసి, వేరేవి కలిపి నెంబర్లు జరిపేశారట. ప్రచురణకర్తలకు ఫోన్ చేసి అడిగితే, పాత ముద్రణ ఇక వేయరు, పాత నెంబర్లకు పట్టిక కూడా లేదన్నారు. కొత్త పాటలు కలపాలంటే చివర కలపాలి, లేదా అనుబంధం వేయాలి. మధ్యలో నెంబరు కదిలిస్తే పాత కాపీలన్నీ చిత్తు కాగితాలే. ఇప్పుడు నేను నెంబరు రెండు రకాలుగా చెప్పి, పల్లవి కూడా చదువుతాను. కొత్తగా వచ్చినవాళ్లకు ఇదేదో మా సంప్రదాయం అనిపిస్తుంది.

ఆ సవరించిన ముద్రణ ఇంకో పనీ చేసింది. పాత భాషను సులభం చేస్తామని 'ము'లన్నీ సున్నాలు చేసేశారు. 'స్తోత్రము' కాస్తా 'స్తోత్రం' అయింది. మాత్రల లెక్క తప్పలేదు, రెంటికీ నాలుగే. కానీ బాణీలో 'ము' మీద ఒక స్వరం ఉంది. అక్షరం పోయాక ఆ స్వరం ఊరికే నిలబడిపోతుంది. డెబ్బై దాటిన ఒక అమ్మగారు, పుస్తకం అవసరం లేకుండా మూడొందల పాటలు పాడగలరు, ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచారు. "బాబూ, నా పాటలో ము ఎవరు తీసేశారు?" అన్నారు. "కొత్త పుస్తకమండీ" అన్నాను. "పుస్తకం కొత్తదైతే పాట కూడా కొత్తదవుతుందా?" అని వెళ్లిపోయారు. అర్థం కాని మాట మార్చడం వేరు, వేలమందికి కంఠస్థమైన పాటను నున్నగా చెక్కడం వేరు. ఈ విషయంలో నేను ఆవిడ పక్షమే.

అనువాద పాటల్లో చిక్కు ఇంకో రకం. ఆంగ్ల కీర్తనలకు పంక్తికి ఎన్ని అక్షరాలో చెప్పే 8.6.8.6 లాంటి కొలత ఉంటుంది, ఆ కొలత కుదిరిన ఏ బాణీలోనైనా పాడుకోవచ్చు. జాన్ న్యూటన్ కృప గురించి రాసిన సుప్రసిద్ధ కీర్తన 1779లో అచ్చయింది, ఇప్పుడు అందరూ పాడే బాణీ దానికి జతపడింది 1835లో. మా పుస్తకంలో ఆ కొలతలు వేయడం మంచి పని. బాణీ తెలియని పాటలు నాలుగైదు వాటివల్లే బతికించాను. కానీ తెలుగులో అక్షరాలు లెక్క సరిపోతే చాలదు, గురువు (సాగదీసి పలికే అక్షరం) పడాల్సిన చోట గురువు పడాలి. సాగే స్వరం కింద 'ప్రభువు' పెడితే జనం 'ప్రాభువు' అని పాడతారు, 'కృప' కాస్తా 'కృపా' అవుతుంది. మంచి అనువాదకుడు ఆ చోట 'నాథుడు' లాంటి మాట వెతుక్కుంటాడు. పుస్తకం కొనేముందు ఒక అనువాద పాటను గట్టిగా పాడి చూస్తే ఈ సంగతి రెండు నిమిషాల్లో బయటపడుతుంది. కళ్లతో చదివితే తెలియదు.

శ్రుతి విషయంలో పుస్తకం మాకు సాయపడలేదు. పాత కీర్తనల మీద రాగం, తాళం వేశారు, బాగానే ఉంది. ఆనందభైరవి అని చూసి పాట ఎత్తుకోగల పెద్దాయన ఒకరు ఉండేవారు, ఆయన తర్వాత మాలో అది చదవగలిగేవాళ్లు లేరు. కొత్త పాటలకు గిటార్ కార్డ్స్ వేశారు, కానీ గాయకుడు స్టూడియోలో పాడిన స్కేల్లోనే. ఆయనకు హాయిగా అందే పై స్వరం మా స్త్రీల సమాజానికి కీచుగొంతు, మగవాళ్లకు మౌనం. మామూలు జనానికి పైన 'డి' స్వరం దాటితే కష్టం. కీబోర్డు మీద శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ లేకపోతే మేం ఏమైపోయేవాళ్లమో. కార్డ్స్ చూసి బాణీ పట్టుకోలేం కూడా. ఆ 742లో ఎప్పుడూ పాడనివాటిలో సగానికి పైగా, బాణీ తెలిసినవాడు దొరక్కే మూలపడ్డాయి.

పుస్తకం ఒంటి సంగతి క్లుప్తంగా. గమ్ బైండింగ్ రెండేళ్లకే విడిపోయింది, కుట్టు బైండింగ్ చేయించిన పది కాపీలు ఇంకా గట్టిగా ఉన్నాయి. అక్షరాల సైజు చూసేటప్పుడు ఆంగ్ల పుస్తకంతో పోల్చకండి. తెలుగులో కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి పంక్తుల మధ్య జాగా లేకపోతే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడిని గుద్దుకుంటుంది. చరణం మధ్యలో పేజీ తిప్పాల్సిన పాటలు ఇందులో నలభై దాకా ఉన్నాయి, తబలా వాయించేవాడికి అవంటే టెన్షన్.

ప్రొజెక్టర్ పెట్టేస్తే పోలా అని యువకులు అంటారు. పెట్టాం కూడా. ఆరాధనకు బాగుంది. కానీ ఇంటికి తీసుకెళ్లి పాడుకునేది పుస్తకమే, ఆసుపత్రి మంచం పక్కన తెర ఉండదు.

మొత్తం మీద ఈ పుస్తకానికి ఐదుకు మూడు ఇస్తాను, అందులో ఒకటి వాక్య సూచికకే. ఇప్పుడు దీని స్థానంలో కొత్తది చూస్తున్నాం. మూడు రకాలు ఒక్కో కాపీ తెప్పించి ఇంట్లో పెట్టాను. ఈసారి వెనక నుంచి మొదలుపెట్టాను. ఫోన్‌లో టైమర్ పెట్టి, ఆదరణ పాట ఒకటి, బల్ల పాట ఒకటి, చరణం మాత్రమే గుర్తున్న పాట ఒకటి వెతికాను. ఒకటి అక్కడే తప్పుకుంది. మిగిలిన రెంటినీ ఆ అమ్మగారికి చూపించాను. సూచికల జోలికి పోకుండా తన పాట పేజీ తీయించి, కళ్లద్దాలు సర్దుకుని, వేలు పెట్టి చూశారు. "ఇందులో ము ఉంది" అన్నారు.

అందులో వాక్య సూచిక లేదు. అదే చిక్కు. రెండోదాంట్లో సూచిక ఉంది, ము లేదు. సంఘపెద్దల మీటింగు వచ్చే ఆదివారం.