లేపాక్షి దారా, గండికోట దారా? బెంగళూరు నుంచి ఏది మేలు?

బెంగళూరులో అద్దె ఇళ్ళ వంటగదుల్లో, డబ్బాలు పెట్టుకోవడానికి అడ్డంగా బిగించిన నల్ల బండలను ఇక్కడివాళ్ళు ‘కడప కల్లు’ అంటారు, కన్నడంలో కల్లు అంటే రాయి. మా ఊళ్ళో నాప బండ అంటాం. మాది తాడిపత్రి. ఈ నగరంలో ఉప్పూ పప్పూ మోస్తున్న బండల్లో ఎన్నో మా చుట్టుపక్కల తవ్వి, పాలిష్ పట్టి, లారీ ఎక్కించినవే. అయినా మారతహళ్ళిలో మా పై అంతస్తులో ఉండే గుంటూరు మిత్రుడు మొన్న అననే అన్నాడు: “మీ సీమలో ఎండ తప్ప చూడటానికి ఏముందన్నా? ఉంటే చెప్పండి, ఈసారి నంది హిల్స్ మానేసి అటే పోతాం.”

ఉంటే చెప్పమన్నాడు కాబట్టి కూర్చోబెట్టి చెప్పాను. తీరా అంతా విన్నాక అసలు ప్రశ్న వేశాడు. సెలవు తక్కువ, ఇంట్లో అత్తగారు, ఆరేళ్ళ పిల్ల. రెండు దారుల్లో ఏది మేలు?

రెండూ హైదరాబాద్ హైవే మీదే మొదలవుతాయి. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఎడమకు తిరిగితే లేపాక్షి, ఆ తరువాత పెనుకొండ. తిరగకుండా అనంతపురం దాకా వెళ్ళి కుడికి మళ్ళితే తాడిపత్రి, బెలుం గుహలు, గండికోట. మొదటిది పొద్దున వెళ్ళి రాత్రికి ఇల్లు చేరే దారి, లేపాక్షి 120 కిలోమీటర్లే. రెండోదానికి ఒక రాత్రి బయట పడుకోక తప్పదు.

లేపాక్షి గొప్పతనం గురించి నేను పేచీ పెట్టను. 27 అడుగుల పొడవున్న ఏకశిలా నంది, కాలు నిలిపి ఇప్పుడే లేస్తుందేమో అన్నట్టుంటుంది. గుళ్ళో జనమంతా, అడుగు నేలకు సరిగా ఆనని వేలాడే స్తంభం దగ్గరే గుమిగూడతారు. ఒకరు కండువా ఇటునుంచి తోస్తే ఇంకొకరు అటునుంచి లాగుతారు, ఫోటో తీసుకుంటారు, పోతారు. తల ఎత్తి కప్పు చూసేవాళ్ళు తక్కువ. అసలు నిధి అక్కడుంది. కప్పు మీద రంగుల్లో గీసిన విజయనగర కాలపు బొమ్మలు, ఆ ఆడవాళ్ళ చీరల గళ్ళూ అంచులూ దగ్గర పెట్టుకుని చూస్తే ఇప్పటి నేతగాడికి కూడా పని దొరుకుతుంది. మెడ నొప్పి పుట్టేదాకా చూడవచ్చు.

ఈ గుడిని విజయనగర రాజు అచ్యుత దేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. ఖజానా సొమ్ము అనుమతి లేకుండా ఖర్చు పెట్టాడన్న నింద పడి, విరూపణ్ణ తన కళ్ళు తానే పీకి గోడకు కొట్టాడని కథ. ఆ ఎర్ర మరకలు ఇవేనంటూ గైడు చూపిస్తాడు. నాకైతే మరకల కంటే, పక్కన సగంలో ఆగిపోయిన కల్యాణ మండపం ఎక్కువ చెబుతుంది. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత రాజధాని అయిన పెనుకొండలో గగన్ మహల్, కొండ మీది కోట ఉన్నాయి. ఎండపూట పెద్దవాళ్ళతో కొండ ఎక్కవద్దు.

ఇక మా దారి. గండికోటకు పోయే బెంగళూరు కార్లు తాడిపత్రిలో టీ తాగడానికి మాత్రమే ఆగుతాయి. ఇది నాకు కడుపు మంట. పెన్నా ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి ఉంది. బుగ్గ అంటే ఊట. పెన్నాలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనిపిస్తుంది, గర్భగుడిలో మాత్రం లింగం దగ్గర నీరు ఊరుతూనే ఉంటుంది. అసలు చూడవలసింది పూర్తికాని గోపురాలు. అడుగు నుంచి పైదాకా వేలెడు జాగా వదలకుండా చెక్కారు. గోడకు దగ్గరగా నిలబడితే ఒక్కొక్క బొమ్మ మెడలో హారం పూసలు లెక్కపెట్టవచ్చు. చింతల వేంకటరమణుడి గుడిలో గరుత్మంతుడి మందిరం రాతి రథం. హంపి రథం ముందు వరుసలో నిలబడి ఫోటో దిగినవాళ్ళు, ఇక్కడ ఒక్కరే దాని చుట్టూ తిరగవచ్చు. మా ఊరు కాబట్టి ఎక్కువ చెబుతున్నానని మిత్రుడు నవ్వాడు. చెబుతున్నాను, కాదనను.

గుళ్ళు మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరాలి. తొమ్మిదికల్లా చేరితే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ దొరుకుతాయి. నానబెట్టిన బొరుగుల్లో పుట్నాల పొడి కలిపి తాలింపు వేసిన ఈ పలహారం ఆలస్యమైతే అయిపోతుంది.

అక్కడికి అరగంట పైచిలుకు దూరంలో బెలుం. మా బండ ఏ సున్నపురాయో ఈ గుహలదీ అదే జాతి రాయి. నీళ్ళు దాన్ని లోపల తొలిచి 3,229 మీటర్ల సొరంగాలు చేశాయి. బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లోనే వీటి గురించి రాశాడు, సందర్శకులకు తెరిచింది మాత్రం 2002లో. గుహ అంటే చల్లగా ఉంటుందనుకుని స్వెట్టర్ తేకండి. గాలి గొట్టాలతో పంపుతున్నా, గుహ అట్టడుగున ఉన్న పాతాళగంగ దాకా దిగేసరికి చొక్కా తడిసిపోతుంది. మోకాళ్ళ నొప్పులున్నవారు పైనే కూర్చోవడం మంచిది.

సాయంత్రానికి గండికోట. పెన్నా ఎర్రమల కొండలను కోసిన చోట, గోడలా నిలిచిన ఎర్రరాయి పలకలు పలకలుగా పేర్చినట్టుంటుంది. అంచున కాలుజారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు, పిల్ల చేయి వదలకూడదు. పెమ్మసాని నాయకుల కోట ఇది. జామియా మసీదు, ధాన్యాగారం, రంగనాథుడి గుడి పక్కపక్కనే ఉంటాయి. వజ్రాల వర్తకుడు టావెర్నియే 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిసింది ఇక్కడే. శనివారం రాత్రి గుడారాల దగ్గర పాటల హోరు ఉంటుంది, దాన్ని భరించాలి. సూర్యోదయం అయ్యాక ఆ గుంపు ఖాళీ చేస్తుంది. కోట అప్పుడు చూడండి.

మిత్రుడికి నేను చెప్పింది ఇది: అత్తగారితో అయితే లేపాక్షికే వెళ్ళండి. నడక తక్కువ, నీడ ఎక్కువ, రాత్రికి ఇల్లు. వేసవిలో ఏ దారీ వద్దు. నవంబరులో భార్యాభర్తలు, పిల్ల మాత్రమే బయలుదేరేటట్టయితే కొడికొండ దగ్గర ఎడమకు తిరగకండి. నిజానికి లేపాక్షి ఎప్పుడైనా చూడవచ్చు, అది దగ్గర కాబట్టే అందరూ చూస్తారు. నా ఓటు తాడిపత్రి దారికే.

అతను ముందు లేపాక్షికి వెళ్ళాడు. వచ్చాక పైనుంచి ఫోను చేసి అడిగాడు: “అన్నా, ఆ ఉగ్గాని హోటలు తొమ్మిదింటికి మూసేస్తారా, లేక పదిదాకా ఉంటుందా?”