నా నాలుగో ఫ్యాక్సిమిలీ: బెర్రీ ప్రభువు ప్రార్థనల పుస్తకం

ఇరవై ఆరేళ్లుగా నల్లగొండలో షాపులకు బోర్డులు రాస్తున్నాను. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గింది కానీ అక్షరం మీద, రంగు మీద ప్రేమ తగ్గలేదు. ఆ ప్రేమే నన్ను ఫ్యాక్సిమిలీల దాకా తీసుకొచ్చింది. ఫ్యాక్సిమిలీ అంటే వందల ఏళ్ల నాటి చేతిరాత పుస్తకాన్ని చూసి, ఉన్నదున్నట్టు అచ్చువేసిన ప్రతి. కిందటి నెల నాలుగోది ఇంటికొచ్చింది. ‘త్రే రిష్ ఎర్’ అనే ప్రార్థనల పుస్తకానికి ప్రతి అది.

అసలు పుస్తకం ఫ్రాన్స్‌లో, షాంటియీ కోటలోని మ్యూజియంలో ఉంది. ఫ్రాన్స్ రాజవంశానికి చెందిన బెర్రీ ప్రభువు కోసం చిత్రకారులైన లింబూర్గ్ అన్నదమ్ములు ముగ్గురు 1411 ప్రాంతంలో మొదలుపెట్టారు. 1416లో ఆ ముగ్గురూ పోయారు, రాయించుకున్న ప్రభువూ పోయాడు. మిగిలిన బొమ్మల్లో చాలావాటిని డెబ్బై ఏళ్ల తర్వాత జాఁ కొలోంబ్ అనే చిత్రకారుడు పూర్తిచేశాడు. కోటను, పుస్తకాన్ని ఇచ్చిన దాత పెట్టిన షరతు వల్ల అది అక్కణ్ణుంచి బయటికి రాదు. నాలాంటివాడికి ప్రతే దిక్కు.

ప్రతుల్లో కూడా తేడాలున్నాయి. 1984లో స్విట్జర్లాండ్‌లోని లూసెర్న్‌లో వేసింది మొత్తం పుస్తకానికి ప్రతి, 980 కాపీలే. అలాంటివి లక్షల్లో పలుకుతాయి. నేను కొన్నది బొమ్మల పేజీలు మాత్రమే ఉన్న పాత ఎడిషన్, సెకండ్ హ్యాండ్‌లో, కొరియర్‌తో కలిపి 3,400 రూపాయలు. అమ్మినాయన న్యూస్‌పేపర్ ఒక్కటే చుట్టి పంపాడు. వానాకాలం, దారిలో అట్టపెట్టె మూల నలిగి తడిసింది. విప్పేదాకా నాకు ఒకటే టెన్షన్. పేజీలు మాత్రం బతికాయి.

నెలకో బొమ్మ ఉన్న క్యాలెండర్ పేజీల్లో అక్టోబరు పేజీ దగ్గర గంటసేపు ఆగిపోయాను. ముందు పొలంలో ఒకాయన విత్తనాలు చల్లుతున్నాడు. ఆయన వెనక పక్షులు గింజలు ఏరుకుంటున్నాయి. అవతలి చెలకలో విల్లు పట్టుకున్న దిష్టిబొమ్మ, పిట్టలు వాలకుండా అడ్డంగా కట్టిన దారాలు. ఇంకోపక్క గుర్రం ఒకటి పళ్ల గుంటుక లాగుతుంటే, పళ్లు మట్టిలో దిగడానికి గుంటుక మీద పెద్ద రాయి పెట్టారు! మా నాయనకు చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, “మేమూ గట్లనే పెట్టేటోళ్లం, రాయి లేకపోతే నిన్నే కూర్చోబెట్టేటోణ్ణి” అన్నాడు. బొమ్మలో వెనక కనిపించే పారిస్ రాజకోట ముందరి పొలంలో మా నాయనకు తన చెలక కనబడింది.

రంగు సంగతికొస్తే, అసలు పుస్తకంలో మంచి నీలం అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన రాయిని నూరి చేసింది. అచ్చులో ఆ నీలం బాగానే పట్టింది, పైన అర్ధచంద్రాకారంలో ఉన్న ఆకాశం లోతుగా కనిపిస్తుంది. బంగారం దగ్గర తేలిపోయింది. నేను గుడి బోర్డులకు బంగారు రేకు అతికించినవాణ్ణి. దీపం కాస్త పక్కకు జరిపితే రేకు ఒకచోట మండుతుంది, ఒకచోట చీకటి పడుతుంది. ఈ పేజీని ఎటు తిప్పినా ఒకటే పసుపు. పేజీ వెనకవైపు చాలాచోట్ల ఖాళీ తెలుపు, అదీ నాకు లోటే. ఐర్లండ్‌లోని పాత చేతిరాత పుస్తకం ‘బుక్ ఆఫ్ కెల్స్’కు 1990లో వేసిన ఫ్యాక్సిమిలీలో పాత తోలు పేజీలకు ఉన్న చిల్లులను కూడా అదే జాగాలో కత్తిరించారు. ప్రతి అంటే అంత నిష్ఠ ఉండాలి.

అయినా ఈ ధరకు తప్పకుండా కొనండి, ముఖ్యంగా బొమ్మలు వేసేవాళ్లు. కొనేముందు అమ్మేవాణ్ణి రెండు ఫొటోలు అడగండి: అక్టోబరు పేజీ ఎండ తగలని చోట తీసింది ఒకటి, కుట్టు దగ్గర పుస్తకం పూర్తిగా తెరిచి తీసింది ఒకటి. నీలం వెలిసిందా, కుట్టు వదులైందా అక్కడే తెలిసిపోతుంది. ప్యాకింగ్‌కు అదనంగా వంద రూపాయలైనా ఇచ్చి, ప్లాస్టిక్ కవరు చుట్టమని గట్టిగా చెప్పండి.