పోడు పట్టానా, సామూహిక హక్కా?
శ్రీకాకుళం జిల్లా మందస, మెళియాపుట్టి కొండల్లో సవర గిరిజనులు ముందుగా అడిగేది పోడు పట్టానే, అంటే అడవిలో తాము సాగుచేసుకునే భూమికి హక్కుపత్రమే. అడగడం న్యాయమే. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమికి 4 హెక్టార్ల వరకు, భార్యాభర్తలైతే ఇద్దరి పేరా పట్టా వస్తుంది. అమ్మడానికి లేదు, పిల్లలకు దక్కుతుంది. జీడితోట నుంచి ఎవరు వెళ్లగొడతారోనన్న టెన్షన్ తగ్గుతుంది.

కానీ అడ్డాకులు, కొండచీపుళ్లు పట్టా గట్టు లోపల ఎన్ని దొరుకుతాయి? అవి ఊరందరి అడవిలో ఉంటాయి. అదే చట్టంలోని సామూహిక హక్కు వాటిని ఏరుకోవడానికి, అమ్ముకోవడానికి, అడవిని కాపాడుకోవడానికి ఊరికి అధికారమిస్తుంది. సెంటు భూమి లేని ఒంటరి అవ్వకు పట్టా రాదు. అడవి మాత్రం ఆమెకూ బువ్వ పెడుతుంది. అందుకే నన్నడిగితే సామూహిక హక్కు కోసమే ఎక్కువ పట్టుబట్టాలి.

రెండింటికీ దరఖాస్తు మొదలయ్యేది గ్రామసభలోనే. ఒకటి తీసుకుంటే రెండోది పోదు.

ఇంకో మాట. గ్రామసభ సిఫారసు చేస్తే రోడ్డుకో, బడికో, అంగన్‌వాడీకో హెక్టారు లోపు అటవీ భూమి ఇచ్చే వీలూ ఈ చట్టంలోనే ఉంది. గర్భిణులను డోలీలో మోసే ఊళ్లు దీన్ని ముందుగా అడగాలి.