ప్రెయిరీఫైర్ క్రాబ్ యాపిల్: చెట్టుకి 5 స్టార్లు, అమ్మినవాళ్ళకి 2

మాది చికాగో పక్కన నేపర్‌విల్. ఇంటి ముందున్న పెద్ద యాష్ చెట్టుకి పురుగు పట్టి చచ్చిపోతే కొట్టించేశాం, ఆ జాగా అంతా బోసిగా అయిపోయింది. ఏం పెడదామా అని అనుకుంటుండగా మే మొదట్లో లైల్‌లో ఉన్న మోర్టన్ ఆర్బొరేటమ్‌కి (పెద్ద చెట్ల తోట) వెళ్ళాం, అక్కడ క్రాబ్ యాపిల్ చెట్లు (చిట్టి కాయలు కాసే యాపిల్ జాతి, ఎక్కువగా పువ్వుల కోసమే పెంచుతారు) కొమ్మ కనపడకుండా పూసి ఉన్నాయి, ఇంకేముంది, మా ఆవిడ అక్కడే ఫిక్స్ అయిపోయింది.

రకం చూసుకుని కొనండి, ఏదో ఒకటి తేకండి. పక్కింట్లో ఏదో పాత రకం ఉంది, స్కాబ్ తెగులొచ్చి జులై అయ్యేసరికి సగం ఆకులు రాలిపోయి బోడిగా నిలబడుతుంది. ప్రెయిరీఫైర్ 1982లో ఇల్లినాయ్ యూనివర్సిటీ నుంచి వచ్చిన రకం, స్కాబ్‌ని బాగా తట్టుకుంటుంది, మందు కొట్టే పని మాకైతే ఇంతవరకు పడలేదు. 20 అడుగులకి మించి పెద్దగా పెరగదు కాబట్టి చిన్న యార్డ్‌కి సరిపోతుంది. రోజుకి ఆరు గంటలైనా ఎండ తగలాలి, అది మాత్రం మస్ట్.

ఇప్పుడు అసలు గొడవ. ఊరి బయట ఒక నర్సరీలో 140 డాలర్లు పెట్టి తెచ్చాను. ఇంటికొచ్చి కుండీలోంచి తీసి చూస్తే మొదలు దగ్గర వేళ్ళు విచ్చుకునే చోటు నాలుగంగుళాల మట్టి కింద ఉంది, వేళ్ళేమో చుట్టలు చుట్టుకుని ఉన్నాయి, అలాగే పాతేసి ఉంటే కొన్నేళ్ళకి ఆ వేళ్ళే చెట్టు మెడకి ఉరి వేసేవి. నర్సరీకి ఫోన్ చేస్తే "మా మనుషులు వచ్చి పాతితేనే గ్యారంటీ" అన్నారు. ఇంక చేసేదేముంది, చుట్టలన్నీ నేనే కోసి, పైమట్టి తీసేసి, మొదలు నేల మట్టానికి వచ్చేలా పాతాను.

మొదటేడు పువ్వు లేదు, రెండో ఏడు ఏదో నాలుగు గుత్తులు, మూడో ఏడు చూడాలి అబ్బా! మొగ్గలు ఎర్రగా, విచ్చుకున్నాక మన రాణీ కలర్, కొత్తాకులేమో వంకాయ రంగు. ఉండేది వారం పది రోజులే, గాలివాన వచ్చిందా అంతకన్నా ముందే అయిపోతుంది.

కాయలు అరంగుళం ఉంటాయి, ముదురు ఎరుపు, చలికాలంలో కూడా కొమ్మలకే ఉంటాయి. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ వాటిని చూసి ఊరుకుంటుందా, గింజలు తీసేసి కాయల్ని పప్పులో వేసింది. ఒక ముద్ద తిని "పులుపు బానే ఉంది గానీ ఈ వగరేంట్రా, నాలుక పట్టేసింది" అని మళ్ళీ చింతపండు డబ్బా తీసింది. పిట్టలకి మాత్రం పండగే, మంచులో రాబిన్లు గుంపులుగా వచ్చి తింటాయి.

కుందేళ్ళతో జాగ్రత్త. మొదటి చలికాలంలో చెట్టు మొదలు దగ్గర బెరడు కొరికేశాయి, అది చుట్టూరా పోతే చెట్టు పోయినట్టే, నా అదృష్టం ఒక పక్కే పోయింది. అప్పట్నుంచి నవంబర్‌లో ఇనప మెష్ చుడుతున్నా, మంచు పేరుకుంటే దాని మీదెక్కి కొరుకుతాయి కాబట్టి కాస్త ఎత్తుగానే. మొదట్లోంచి వచ్చే పిలకలు కూడా ఎప్పటికప్పుడు కోసేయాలి.

ఫొటోలు చూసి మా బావమరిది హైదరాబాద్‌లో పెడతానన్నాడు, వద్దన్నాను, దీనికి గట్టి చలి లేకపోతే సరిగ్గా పూయదు.

వచ్చే ఏడు వెనకాల ఇంకోటి పెడతా, ఇదే రకం. కానీ ఈసారి కుండీలోంచి తీసి వేళ్ళు చూపించాకే కార్డ్ బయటికి తీస్తా.