బ్యాలెన్సింగా, రబ్బరు ప్యాడ్లా, అబ్జార్బరా: మిషన్ ఊగుతుంటే ఏది మేలు?

అనంతపురం జిల్లాలో శనక్కాయల మిల్లుకు వెళితే కాయలు ఒలిచే మిషన్‌తో పాటు పొట్టును ఊదేసే ఫ్యాను కూడా కనిపిస్తుంది. అది ఊగడం మొదలుపెట్టిందంటే సలహాలకు కొదవ ఉండదు. "అన్నా, కింద రబ్బరు షీటు వేస్తే సరిపోతాది" అంటాడు ఫిట్టరు. మోటార్లు చూసే మెకానిక్ ఫ్యాను విప్పి బ్యాలెన్సింగ్, అంటే చుట్టూ బరువు సమానంగా ఉండేలా సరిచేయడం, చేయించమంటాడు. మెకానికల్ మూడో సంవత్సరం చదివే ఓనరు కొడుకు "నాన్నా, ట్యూన్డ్ అబ్జార్బర్ పెడదాం" అంటాడు, అంటే మిషన్ ఊగుడును తన మీదికి తీసుకునే చిన్న స్ప్రింగు, బరువు. మూడూ సిలబస్‌లో ఉన్నవే. కానీ పుస్తకంలో ఒక్కోటి ఒక్కో యూనిట్‌లో ఉంటుంది కాబట్టి, ఈ మూడింటిలో ముందు దేన్ని పట్టుకోవాలనే ప్రశ్న పరీక్షలో దాదాపు రాదు. మిల్లులో మాత్రం మొదటి ప్రశ్న అదే.

నా మాట ముందే చెప్పేస్తాను. తిరిగే మిషన్‌కైతే ముందు బ్యాలెన్సింగ్. రబ్బరు ప్యాడ్లు రెండోది, అదీ లెక్క వేశాకే. అబ్జార్బర్ చాలా అరుదుగా.

ఎందుకో లెక్కలోనే చూద్దాం. ఫ్యాను నిమిషానికి 1440 చుట్లు తిరుగుతోంది, అంటే సెకనుకు 24 చుట్లు (24 హెర్ట్జ్), కోణంలో చెప్పాలంటే సెకనుకు 150.8 రేడియన్లు. మధ్య నుంచి 200 మిల్లీమీటర్ల దూరంలో ఒక రెక్క మీద 50 గ్రాముల దుమ్ము ఎక్కువగా పేరుకుందనుకోండి. బరువును, దూరాన్ని, వేగం వర్గాన్ని గుణిస్తే ఫోర్స్ సుమారు 227 న్యూటన్లు వస్తుంది. అంటే దాదాపు 23 కిలోల బరువు సెకనుకు 24 సార్లు చుట్టూ తిరుగుతూ బేరింగును గుంజుతోందన్నమాట. కారణం గుప్పెడు దుమ్ము. వేగం రెట్టింపైతే ఈ ఫోర్స్ నాలుగింతలవుతుంది.

రబ్బరు షీటు ఈ 227 న్యూటన్లను తగ్గించదు, నేలకు చేరేదాన్ని మాత్రమే తగ్గిస్తుంది. చాలామంది విద్యార్థులు ఐసొలేషన్ (అదురు నేలకు చేరకుండా అడ్డుకోవడం) ఫార్ములా కంఠతా పట్టి కూడా ఈ తేడా దగ్గర తడబడతారు. ప్యాడ్లు వేశాక గోడలు అదరడం ఆగితే జబ్బు నయమైందనుకుంటాం, కానీ బేరింగు మీద పడే దెబ్బ అలాగే ఉంటుంది. బాల్ బేరింగు మీద లోడు రెట్టింపైతే దాని ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. బేరింగు పోయిన రోజు మిల్లు ఆగుతుంది, సీజన్‌లో అది ఎంత నష్టమో ఓనరును అడగాలి.

ఆ ప్యాడ్లు కూడా ఏవి పడితే అవి పనికిరావు. మిషన్ బరువుకు ప్యాడ్ ఎన్ని మిల్లీమీటర్లు కుంగుతుందో చూసి, 15.8ని ఆ అంకె వర్గమూలంతో భాగిస్తే నేచురల్ ఫ్రీక్వెన్సీ (ప్యాడ్ల మీద మిషన్ తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ అంకె) హెర్ట్జ్‌లలో వస్తుంది. 4 మిల్లీమీటర్లు కుంగితే 7.9 హెర్ట్జ్. ఫ్యాను 24 దగ్గర తిరుగుతోంది కాబట్టి 24కూ 7.9కీ నిష్పత్తి సుమారు 3, నేలకు చేరేది సుమారు 12 శాతం. చాలా బాగుంది. ఒక్క మిల్లీమీటరే కుంగితే 76 శాతం చేరుతుంది, పెట్టిన డబ్బు దండగ. అర మిల్లీమీటరు కుంగే గట్టి షీటు వేస్తే నేచురల్ ఫ్రీక్వెన్సీ 22 దాటి రెజొనెన్స్ (రెండు ఫ్రీక్వెన్సీలూ కలిసి ఊగుడు విపరీతంగా పెరగడం) పక్కకు వస్తుంది. అప్పుడు, డాంపింగ్ (ఊగుడు శక్తిని మింగేసే గుణం) లేదనుకుంటే, నేలకు సుమారు ఆరున్నర రెట్ల ఫోర్స్ చేరుతుంది. నిష్పత్తి రూట్ 2, అంటే 1.414 దాటితేనే ఐసొలేషన్ వల్ల లాభం. అది దాటాక డాంపింగ్ పెరిగేకొద్దీ నేలకు చేరే ఫోర్స్ ఇంకా పెరుగుతుంది. అయినా కొంత డాంపింగ్ ఉండాల్సిందే, ఎందుకంటే స్విచ్ వేసిన ప్రతిసారీ, ఆపిన ప్రతిసారీ ఫ్యాను ఆ 7.9 హెర్ట్జ్‌ను దాటుకునే వెళ్లాలి. చేతికి దొరికిన పాత టైరు ముక్క మిషన్ కింద తోసే ముందు ఈ రెండు లైన్ల లెక్క వేయండి.

ఇక బ్యాలెన్సింగ్. దీన్ని పెద్ద వర్క్‌షాపు పని అనుకుని భయపడతారు గానీ, సన్నటి ఫ్యానుకు అక్కడికక్కడే చేసుకోవచ్చు. మొదట రెక్కలు శుభ్రంగా గీకాలి, సగం కేసులు ఇక్కడే తీరిపోతాయని నా నమ్మకం. యర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో ఉండే భారీ ఫ్యాన్లకూ దుమ్ము పేరుకోవడం, పేరుకున్నది ఒకవైపే రాలిపోవడం మామూలు బాధే.

గీకాక కూడా ఊగుతుంటే బేరింగు దగ్గర వైబ్రేషన్ రీడింగు తీసుకోండి. మీటరు లేకపోతే ఫోనులోని యాక్సిలరోమీటర్ యాప్ చాలు, ఫోనును ప్రతిసారీ ఒకే చోట, ఒకే దిశలో గట్టిగా కట్టాలి. ఆ రీడింగంత వ్యాసార్థంతో కాగితం మీద ఒక వృత్తం గీయండి. తర్వాత ఫ్యాను మీద చాక్‌పీసుతో 0, 120, 240 డిగ్రీల దగ్గర గుర్తులు పెట్టి, ఒక చిన్న బరువును ఒక్కో గుర్తు దగ్గర బిగించి, మూడుసార్లు తిప్పి మూడు రీడింగులు రాసుకోండి. బరువు ఊడి ఎగిరిపోకుండా బోల్టు వేయాలి, టేపుతో సరిపెట్టొద్దు. రెక్కల వరసలో ఎవరూ నిలబడకూడదు. ఇప్పుడు కాగితం మీది వృత్తంపై అవే మూడు కోణాల దగ్గర బిందువులు పెట్టి, ఒక్కో బిందువు నుంచి దాని రీడింగంత వ్యాసార్థంతో చాపం గీస్తే మూడూ దాదాపు ఒకచోట కలుస్తాయి. మధ్య నుంచి ఆ చోటికి ఉన్న దిశలోనే అసలు బరువు పెట్టాలి. మొదటి రీడింగును ఆ దూరంతో భాగించి, ట్రయల్ బరువుతో గుణిస్తే ఎంత పెట్టాలో తెలుస్తుంది. కాంపస్, స్కేలు ఉంటే అయిపోయే పని. ఫ్యాను వెడల్పు ఎక్కువైతే మాత్రం ఒక ప్లేన్‌లో, అంటే ఒకే వరసలో, బరువు పెడితే చాలదు, రెండు ప్లేన్లలో డైనమిక్ బ్యాలెన్సింగ్ చేయించాలి.

ఎంతవరకు సరిచేస్తే చాలు? ఫ్యాన్లకు సాధారణంగా వాడే జీ 6.3 అనే బ్యాలెన్సింగ్ గ్రేడు ప్రకారం, 1440 చుట్ల దగ్గర రోటర్ (తిరిగే భాగం) బరువు కేంద్రం దాదాపు 42 మైక్రాన్లు పక్కకు ఉండొచ్చు. 100 కిలోల రోటర్‌కైతే 300 మిల్లీమీటర్ల దూరంలో 14 గ్రాముల తేడా.

అబ్జార్బర్ ఆలోచన అందమైనది, అందులో సందేహం లేదు. జర్మన్ ఇంజినీరు హెర్మన్ ఫ్రామ్ 1909లో దీనికి పేటెంటు వేశాడు. మిషన్ వేగానికే ట్యూన్ చేసిన చిన్న స్ప్రింగు, చిన్న బరువు తగిలిస్తే అసలు మిషన్ ఊగడం ఆగి ఆ చిన్నదే ఊగుతుంది. కానీ రెజొనెన్స్ ఉన్నచోట ఇది పెడితే ఒక నేచురల్ ఫ్రీక్వెన్సీ పోయి రెండు పుడతాయి. అబ్జార్బర్ బరువు మిషన్‌లో అయిదో వంతు ఉంటే, 24 హెర్ట్జ్‌కు అటూ ఇటూ 19.2, 30 దగ్గర. మోటారుకు వేగం మార్చే డ్రైవు బిగించారంటే ఆ రెండింటిలో ఒకదాని మీదికి వెళ్లిపోవచ్చు. అందుకే వేగం మారని చోట, ఫోర్స్‌ను మూలంలో తీసేయలేని చోట మాత్రమే ఇది మేలు. కర్నూలు రోడ్డు మీద హైటెన్షన్ తీగలకు టవర్ల దగ్గర వేలాడే డంబెల్ లాంటివి చూసే ఉంటారు, అవి గాలికి తీగలు అదరకుండా ఇలాంటి పనే చేసే స్టాక్‌బ్రిడ్జ్ డాంపర్లు. గాలిని బ్యాలెన్స్ చేయలేం కాబట్టి అక్కడ ఇలాంటిదే మేలు.

ఏ మందు వేయాలో తేల్చే పరీక్ష స్విచ్ ఆపడమే. కరెంటు తీయగానే ఊగుడు టక్కున మాయమైతే అది మోటారు ఎలక్ట్రికల్ గొడవ, పైన చెప్పిన మూడూ అనవసరం. వేగంతో పాటు మెల్లగా తగ్గితే చాలావరకు అన్‌బ్యాలెన్స్. తగ్గుతూ తగ్గుతూ మధ్యలో ఒక్కసారి పెరిగి మళ్లీ తగ్గితే అక్కడ రెజొనెన్స్ ఉంది. అది నడిచే వేగానికి దగ్గరలోనే ఉంటే ఫ్యాను నిలబడ్డ యాంగిల్ ఫ్రేముకు, దాని నేచురల్ ఫ్రీక్వెన్సీ నడిచే వేగాన్ని బాగా దాటిపోయేంత గట్టిగా, ఒక క్రాస్ బ్రేసు (అడ్డ కమ్మీ) వెల్డింగ్ చేయించడం అబ్జార్బర్ కంటే చవక, నమ్మకం కూడా.

అదే మిల్లులో ముందుకూ వెనక్కీ ఆడే జల్లెడ దగ్గర నా వరస మారిపోతుంది. అది నిమిషానికి 300 సార్లు ఆడుతుందనుకుంటే 5 హెర్ట్జ్. నిష్పత్తి 3 రావాలంటే ప్యాడ్ 89 మిల్లీమీటర్లు కుంగాలి, అది రబ్బరుతో అయ్యే పని కాదు. ఎక్సెంట్రిక్ (జల్లెడను ఆడించే, మధ్య తప్పించి బిగించిన చక్రం) మీద ఎదురు బరువు పెట్టి సగం బ్యాలెన్స్ చేస్తే అడ్డంగా ఉన్న ఫోర్స్ సగమవుతుంది, తగ్గిన ఆ సగమే నిలువుగా పుడుతుంది. ఇక్కడ బరువైన కాంక్రీటు పునాదే ఆధారం. కొత్తగా మిషన్ కొంటున్నవాళ్లకైతే నేను చెప్పేది ఒకటే: రెండు జల్లెడలు ఒకదానికొకటి ఎదురుగా ఆడే మోడల్ అడగండి, వాటి ఫోర్సులు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.